ప్రభుత్వ విద్య లక్ష్యం, సైన్సు తరగతిలో పుట్టుక పాఠం

జీవులు, భూమి, విశ్వం ఎలా ఏర్పడ్డాయన్న ప్రశ్నకు ప్రజల పన్నులతో నడిచే బడి సైన్సు తరగతిలో ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్న వివాదానికి నూరేళ్ల చరిత్ర ఉంది. ఈ వివాదం అన్ని దేశాలకంటే ఎక్కువగా అమెరికాలో నడిచింది. అక్కడ చట్టసభలు జీవపరిణామ బోధనను నిషేధించాయి, సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టాలూ కోర్టుల్లోనే వీగిపోయాయి. పైకి ఇది మతానికీ సైన్సుకూ మధ్య తగవులా కనిపిస్తుంది. లోపల ఉన్నది ప్రభుత్వ విద్య గురించిన ప్రశ్న. బడి ఎవరిది? డబ్బు కట్టే తల్లిదండ్రులదా, ఓట్లేసే మెజారిటీదా, ఆ విషయాన్ని జీవితమంతా చదివిన నిపుణులదా, లేక రేపు పౌరుడిగా నిలబడబోయే పిల్లవాడిదా? భారతదేశంలో 2023లో పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠాన్ని తీసేసినప్పుడు ఇదే ప్రశ్న తెలుగు ఇళ్ల ముందుకూ వచ్చింది.

ప్రభుత్వ బడి ఎందుకు పుట్టింది

అమెరికాలో అందరికీ చదువు చెప్పే బాధ్యత ప్రభుత్వానిదేనన్న ఆలోచన స్వాతంత్ర్య పోరాట కాలం నాటిది. 1779లో థామస్ జెఫర్సన్ వర్జీనియా చట్టసభ ముందు పెట్టిన బిల్లు పిల్లలకు కొన్నేళ్లపాటు ఉచితంగా చదువు చెప్పాలని ప్రతిపాదించింది. పాలకులు నిరంకుశులు కాకుండా ఆపగలిగేది చదువుకున్న ప్రజలేనన్నది ఆయన నమ్మకం. ఆ బిల్లు అప్పట్లో నెగ్గలేదు. 1837లో మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శి అయిన హోరేస్ మాన్ ఆ ఆలోచనకు రూపం ఇచ్చాడు. ధనికుల పిల్లలూ పేదల పిల్లలూ ఒకే గదిలో, శిక్షణ పొందిన టీచర్ల దగ్గర, పన్నుల డబ్బుతో చదువుకునే ఉమ్మడి బడి ఆయన ఆశయం. 1852లో ఆ రాష్ట్రం పిల్లల్ని బడికి పంపడాన్ని తప్పనిసరి చేసింది. 1918 నాటికి దేశంలో ప్రతి రాష్ట్రంలోనూ అలాంటి చట్టం వచ్చింది.

అన్ని మతాల పిల్లలూ ఒకే బడికి వస్తే అక్కడ ఏ మతం మాట చెల్లాలి అన్న చిక్కు మొదట్నుంచీ ఉంది. ఉమ్మడి బడుల్లో ప్రొటెస్టెంట్లు వాడే బైబిల్ అనువాదం చదివించేవారు. కాథలిక్కులు తమ అనువాదం కావాలన్నారు. ఈ తగాదా ముదిరి 1844లో ఫిలడెల్ఫియాలో అల్లర్లయ్యాయి, మనుషులు చనిపోయారు, చర్చిలు తగలబడ్డాయి. ఒకే మతంలోని రెండు శాఖల మధ్యే ఇంత రక్తం కారిందంటే, బడిలో ఒక వర్గం విశ్వాసాన్ని ప్రభుత్వం తన భుజాన వేసుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు.

1791లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగ మొదటి సవరణ ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పకూడదని, ఎవరి మతాచరణనూ అడ్డుకోకూడదని చెబుతుంది. మొదట్లో అది కేంద్రానికే వర్తించేది. 1947లో ఎవర్సన్ కేసులో మత స్థాపన నిషేధం రాష్ట్రాలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. 1962లో బడిలో ప్రభుత్వం రాసిచ్చిన ప్రార్థన, 1963లో మతాచారంగా సాగే బైబిల్ పఠనం రాజ్యాంగ విరుద్ధమయ్యాయి. మతాల గురించి చరిత్ర, సాహిత్య పాఠాలుగా చెప్పవచ్చని అదే 1963 తీర్పు స్పష్టంగా అంది. ఈ తేడా తర్వాతి కథకంతటికీ పునాది.

డేటన్, 1925

చార్లెస్ డార్విన్ 'జాతుల పుట్టుక' 1859 నవంబరులో వెలువడింది. అమెరికాలో దానికి మొదట అండగా నిలిచినవారిలో హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రే ముఖ్యుడు. ఆయన నిష్ఠగల క్రైస్తవుడు. దైవభక్తి, పరిణామం ఒకే మనసులో ఇమిడిపోగలవని ఆయన జీవితమే చూపిస్తుంది. దాదాపు 60 ఏళ్లపాటు పెద్ద చట్టపరమైన గొడవేదీ లేదు. 20వ శతాబ్దం మొదట్లో హైస్కూళ్లు శరవేగంగా పెరిగాయి. అప్పటిదాకా విశ్వవిద్యాలయాల్లో ఉన్న పాఠం రైతుల పిల్లల చేతికి వచ్చింది. ఘర్షణ అక్కడ మొదలైంది.

టెనెసీ రాష్ట్రంలో రైతు, శాసనసభ్యుడు జాన్ వాషింగ్టన్ బట్లర్ ప్రవేశపెట్టిన బిల్లు మీద గవర్నర్ ఆస్టిన్ పే 1925 మార్చి 21న సంతకం చేశాడు. మనిషి దైవసృష్టి అన్న బైబిల్ కథనాన్ని కాదని, మనిషి దిగువ జంతువుల నుంచి వచ్చాడని ప్రభుత్వ బడుల్లో, విశ్వవిద్యాలయాల్లో బోధిస్తే నేరం. జరిమానా 100 నుంచి 500 డాలర్లు. ఈ చట్టాన్ని సవాలు చేసే టీచరుకు అండగా ఉంటామని అమెరికన్ పౌరహక్కుల సంఘం పత్రికల్లో ప్రకటన ఇచ్చింది. డేటన్ అనే చిన్న పట్టణంలోని పెద్దలు ఊరికి పేరొస్తుందని ఒక మందుల షాపులో కూర్చుని 24 ఏళ్ల టీచరు జాన్ స్కోప్స్‌ను ఒప్పించారు. ఆయన చెప్పాడన్న పాఠం ఉన్నది జార్జి విలియం హంటర్ రాసిన 'సివిక్ బయాలజీ'లో. విచిత్రమేమిటంటే, ఆ పుస్తకాన్ని బడుల్లో వాడాలని నిర్దేశించింది రాష్ట్ర ప్రభుత్వమే.

జులై 10న మొదలైన విచారణను షికాగో రేడియో కేంద్రం ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ ప్రాసిక్యూషన్ వైపు, పేరుమోసిన లాయరు క్లారెన్స్ డారో స్కోప్స్ వైపు నిలిచారు. శాస్త్రవేత్తల సాక్ష్యాన్ని జడ్జి జాన్ రాల్స్టన్ జ్యూరీ చెవిన పడనివ్వలేదు. జులై 20న కోర్టు బయట పచ్చికలో డారో, బైబిల్ నిపుణుడి హోదాలో బ్రయన్‌నే బోనెక్కించి ప్రశ్నలు వేశాడు. మర్నాడు జ్యూరీ తొమ్మిది నిమిషాల్లో స్కోప్స్ దోషి అని తేల్చింది. 100 డాలర్ల జరిమానా పడింది. అయిదు రోజులకే బ్రయన్ డేటన్‌లో కన్నుమూశాడు. 1927లో టెనెసీ సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే, జరిమానా మొత్తాన్ని జ్యూరీ కాకుండా జడ్జి నిర్ణయించాడన్న కారణంతో శిక్షను కొట్టేసింది. దాంతో కేసు పైకోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది. బట్లర్ చట్టం 1967 దాకా బతికే ఉంది.

బ్రయన్ వాదనను ఛాందసం అని కొట్టిపారేయడం తేలిక. ఆయన మాటల్లో రెండు గట్టి అంశాలున్నాయి. టీచరుకు జీతం ఇచ్చే ప్రజలకు ఏం బోధించాలో చెప్పే హక్కు ఉందన్నది ఒకటి. బలవంతుడిదే రాజ్యం అన్న సామాజిక సిద్ధాంతానికి డార్విన్ పేరు వాడుకుంటున్నారన్నది రెండోది. రెండో భయం ఊహ కాదు. 'సివిక్ బయాలజీ' మానవ జాతుల్ని మెట్లుగా పేర్చి తెల్లవారిని పైమెట్టు మీద కూర్చోబెట్టింది, వంశాల్ని 'శుద్ధి' చేయాలన్న యూజెనిక్స్‌ను పాఠంగా చెప్పింది. సైన్సు పేరుతో బడిలోకి వచ్చిన ఆ తప్పును తర్వాత సైన్సే, ప్రత్యేకించి జన్యుశాస్త్రమే కూల్చింది. పాఠ్యపుస్తకాన్ని ఎప్పటికప్పుడు సాక్ష్యం ముందు నిలబెట్టాలన్నదే అందులోని గుణపాఠం. చట్టంతో ఒక పాఠాన్ని మూసేయాలని మాత్రం దానికి అర్థం కాదు.

మౌనం నుంచి స్పుత్నిక్ దాకా

డేటన్ తర్వాత మిసిసిపీ 1926లోనూ, ఆర్కన్సా 1928లో ప్రజాభిప్రాయ సేకరణ ద్వారానూ నిషేధాలు తెచ్చాయి. ప్రచురణకర్తలు జడిశారు. హంటర్ పుస్తకం 1926 కూర్పులో పరిణామం అన్న మాటే మాయమైంది. చట్టం లేని రాష్ట్రాల పిల్లలకూ ఆ పాఠం అందలేదు. పుస్తకం అమ్ముడుపోదేమోనన్న భయం చట్టంకంటే ఎక్కువ దూరం పాకింది.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. తమ సైన్సు చదువు వెనకబడిందన్న కలవరం అమెరికాను కుదిపేసింది. 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం వచ్చింది. అదే ఏడాది ప్రభుత్వ నిధులతో మొదలైన జీవశాస్త్ర పాఠ్యాంశ అధ్యయన బృందం, శాస్త్రవేత్తల చేత కొత్త పుస్తకాలు రాయించింది. 1963లో బజారుకు వచ్చిన ఆ పుస్తకాలు పరిణామాన్ని జీవశాస్త్రం మొత్తానికీ ఆధారసూత్రంగా చూపాయి.

దాని ఫలితం ఆర్కన్సాలో తేలింది. లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు సూసన్ ఎపర్సన్‌కు 1965లో బడి ఇచ్చిన కొత్త పుస్తకంలో పరిణామంపై అధ్యాయం ఉంది. చెబితే రాష్ట్ర చట్టం ప్రకారం నేరం, చెప్పకపోతే ఉద్యోగ ధర్మానికి లోటు. ఆమె కోర్టుకెక్కింది. 1968 నవంబరు 12న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ఒక మత వర్గం నమ్మకానికి అడ్డొస్తుందన్న కారణంతోనే విజ్ఞానంలోని ఒక భాగాన్ని బడి నుంచి వెలివేసే అధికారం రాష్ట్రానికి లేదన్నది దాని సారాంశం.

సమాన సమయం వాదన

నిషేధం కుదరదని తేలాక వాదన రూపం మార్చుకుంది. 1961లో వెలువడిన 'జెనెసిస్ ఫ్లడ్' అనే పుస్తకం భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని, నోవహు కాలపు జలప్రళయంలోనే శిలల పొరలు ఏర్పడ్డాయని చెప్పింది. దాని వెన్నంటే 'సృష్టి విజ్ఞానం' పేరుతో సంస్థలు వెలిశాయి. పరిణామం చెప్పే చోట దానికీ సమాన సమయం ఇవ్వాలని ఆర్కన్సా, లూసియానా 1981లో చట్టాలు చేశాయి.

ఆర్కన్సా చట్టాన్ని సవాలు చేసినవారిలో మెథడిస్టు పాస్టర్ విలియం మెక్లీన్ పేరు ముందుంది. కాథలిక్, ఎపిస్కోపల్ బిషప్పులు, యూదు సంస్థలు ఆయనతో కలిశాయి. పాఠ్యాంశంలో మతం చొరబడితే మతానికే చెరుపని వాళ్లు నమ్మారు. 1982 జనవరి 5న జడ్జి విలియం ఓవర్టన్ ఆ చట్టాన్ని కొట్టేస్తూ సైన్సుకు అయిదు లక్షణాలు చెప్పాడు: అది ప్రకృతి నియమాల వెంట నడుస్తుంది, వాటితోనే వివరిస్తుంది, అనుభవ ప్రపంచంలో పరీక్షకు నిలబడుతుంది, తన నిర్ణయాలను తాత్కాలికంగానే ఉంచుతుంది, తప్పని తేలే అవకాశం ఇస్తుంది. సైన్సుకు ఇలా గిరి గీయడం అంత సులువు కాదని ల్యారీ లౌడన్ వంటి తత్వవేత్తలు అభ్యంతరం చెప్పారు. ఆ చర్చ ఇప్పటికీ సజీవంగా ఉంది. పరిణామంలో ఏదైనా లోపం చూపిస్తే చాలు, సృష్టివాదం రుజువైనట్టే అన్న తర్కాన్నీ ఓవర్టన్ తిప్పికొట్టాడు. ఒక వివరణ తప్పయితే రెండోది ఒప్పని కాదు. ప్రతిదీ తన సొంత సాక్ష్యం మీద నిలబడాలి.

లూసియానా చట్టం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 72 మంది నోబెల్ గ్రహీతలు దానికి వ్యతిరేకంగా కోర్టుకు నివేదన ఇచ్చారు. 1987 జూన్ 19న ఎడ్వర్డ్స్-అగ్విలార్డ్ కేసులో 7-2 మెజారిటీతో ఆ చట్టం రద్దయింది. జస్టిస్ బ్రెనన్ రాసిన ఆ తీర్పు, నిజమైన శాస్త్రీయ విమర్శను బడిలో బోధించడానికి అడ్డులేదని కూడా చెప్పింది.

డోవర్, 2005

ఆ తీర్పు తర్వాత 'ఇంటెలిజెంట్ డిజైన్' అన్న పేరు ముందుకొచ్చింది. దేవుడి ప్రస్తావన లేకుండా, కొన్ని జీవకణ నిర్మాణాలు ఎంతో జటిలమైనవి కాబట్టి వాటి వెనక తెలివైన రూపకర్త ఉండాలన్నది ఆ వాదన. జీవరసాయన శాస్త్రవేత్త మైకేల్ బెహే 1996లో రాసిన పుస్తకం, సియాటిల్‌లోని డిస్కవరీ ఇన్‌స్టిట్యూట్ దీనికి ప్రచారం తెచ్చాయి.

పెన్సిల్వేనియాలోని డోవర్ పట్టణ పాఠశాల బోర్డు 2004 అక్టోబరులో ఒక తీర్మానం చేసింది. తొమ్మిదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం పాఠం ముందు ఒక ప్రకటన చదవాలి. డార్విన్ సిద్ధాంతంలో ఖాళీలున్నాయని, ఇంటెలిజెంట్ డిజైన్ మరో వివరణ అని, కావలసినవారికి 'ఆఫ్ పాండాస్ అండ్ పీపుల్' పుస్తకం అందుబాటులో ఉందని దాని సారం. సైన్సు టీచర్లు దాన్ని చదవబోమని లిఖితపూర్వకంగా చెప్పారు. 2005 జనవరిలో అధికారులే తరగతులకు వెళ్లి చదివారు. టామీ కిట్జ్‌మిల్లర్, మరో పదిమంది తల్లిదండ్రులు అప్పటికే కోర్టుకు వెళ్లారు.

ఆ కోర్టుగదిలో రెండు సాక్ష్యాలు మలుపు తిప్పాయి. ఒకటి 'పాండాస్' పుస్తకం చిత్తుప్రతులది. 1987 తీర్పుకు ముందరి ప్రతుల్లో 'సృష్టి', 'సృష్టివాదులు' అన్న మాటలున్న చోటల్లా తర్వాతి ప్రతుల్లో 'డిజైన్', 'డిజైన్ సమర్థకులు' అని వచ్చాయి. ఒక ప్రతిలో పాత మాట సగమే చెరిగి, కొత్త మాట దాని మధ్యలో ఇరుక్కుపోయింది. కొత్త సిద్ధాంతం పాత సిద్ధాంతానికి పేరు మార్పేనని ఆ ఒక్క అచ్చు జాడ బయటపెట్టింది.

రెండోది జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ చూపిన క్రోమోజోముల సాక్ష్యం. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్‌లకు 24 జతల క్రోమోజోములుంటాయి, మనిషికి 23. వీళ్లందరికీ ఒకే పూర్వజీవి ఉన్న మాట నిజమైతే, మనిషి దారిలో ఎక్కడో రెండు క్రోమోజోములు అతుక్కుని ఒకటి కావాలి. అలా జరిగి ఉంటే దాని గుర్తులు ఉండి తీరాలి. క్రోమోజోము చివర్లలో మాత్రమే ఉండవలసిన టెలోమియర్ వరుసలు నడిమధ్యన కనబడాలి, క్రోమోజోముకు ఒకటే ఉండే సెంట్రోమియర్ అనే నొక్కుతో పాటు రెండోదాని శిథిలం కూడా ఉండాలి. మనిషి రెండో క్రోమోజోములో ఆ రెండూ ఉన్నాయి. అతుకు ఉన్న చోటి డీఎన్ఏ వరుసను శాస్త్రవేత్తలు 1991లోనే చదివారు. ముందుగా ఒక మాట అని, తప్పయితే దొరికిపోయేలా దాన్ని పరీక్షకు పెట్టడం సైన్సు పద్ధతి. ఏ గుర్తు దొరికినా, దొరక్కపోయినా 'రూపకర్త అలా చేశాడు' అని చెప్పగలిగే వివరణకు ఆ పరీక్ష లేదు.

2002లో జార్జి బుష్ నియమించిన జడ్జి జాన్ ఇ. జోన్స్ 2005 డిసెంబరు 20న 139 పేజీల తీర్పు చెప్పాడు. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్సు కాదని, దాన్ని బడిలో పెట్టడం మత స్థాపనేనని తేల్చాడు. తీర్పు రాకముందే, నవంబరు ఎన్నికల్లో డోవర్ ఓటర్లు ఆ విధానాన్ని సమర్థించిన బోర్డు సభ్యులను ఇంటికి పంపారు. కోర్టు ఖర్చుల కింద బోర్డు చెల్లించింది పది లక్షల డాలర్లు. ఆ డబ్బు చిన్న పట్టణంలోని పిల్లల చదువుది.

తీర్పుల తర్వాత

కోర్టు తీర్పుతో తరగతి గది వెంటనే మారిపోదు. 1999లో కాన్సస్ రాష్ట్ర విద్యాబోర్డు ప్రమాణాల నుంచి పరిణామాన్ని దాదాపుగా తీసేసింది. 2001లో తిరిగి పెట్టారు, 2005లో మళ్లీ మార్చారు, 2007లో మళ్లీ సరిచేశారు. లూసియానా 2008లోనూ, టెనెసీ 2012లోనూ టీచర్లకు సైన్సు వివాదాల్ని 'విమర్శనాత్మకంగా' బోధించే స్వేచ్ఛ పేరుతో చట్టాలు చేశాయి. అవి సృష్టివాదానికి దొడ్డిదారి అని వాటిని వ్యతిరేకించిన శాస్త్రవేత్తలు స్పష్టంగానే చెప్పారు.

టీచర్ల మీద ఒత్తిడి ఎక్కువగా కంటికి కనబడదు. మైకేల్ బర్క్‌మన్, ఎరిక్ ప్లట్జర్ 2007లో హైస్కూల్ జీవశాస్త్ర టీచర్లను సర్వే చేశారు. పరిణామాన్ని ధీమాగా బోధించేవారు సుమారు 28 శాతం, సృష్టివాదాన్ని బాహాటంగా సమర్థించేవారు 13 శాతం. మిగతా 60 శాతం తల్లిదండ్రులు గొడవకు వస్తారనో, తమ చదువు చాలదనో పాఠాన్ని తడిమి వదిలేసేవారు. 2019 సర్వే నాటికి పరిస్థితి మెరుగైంది. సృష్టివాదానికి చోటివ్వకుండా పరిణామాన్ని స్థిరపడిన సైన్సుగా బోధించేవారు 51 నుంచి 67 శాతానికి పెరిగారు. 2013లో వచ్చిన కొత్త సైన్సు ప్రమాణాలు, టీచర్లకు మెరుగైన శిక్షణ దీనికి తోడ్పడ్డాయి. ప్రజాభిప్రాయం మాత్రం మెల్లగా కదులుతోంది. దేవుడు మనిషిని గత పదివేల ఏళ్లలో ఇప్పుడున్న రూపంలోనే సృష్టించాడని నమ్మేవారు గాలప్ సర్వేల్లో 1982లో 44 శాతం, 2024లో 37 శాతం.

ప్రధాన వాదనలు

తల్లిదండ్రుల హక్కు: పిల్లల విశ్వాసాన్ని పెంచి పోషించే హక్కు తల్లిదండ్రులదే. ఇల్లు, గుడి, చర్చి, మసీదు అందుకు తెరిచే ఉన్నాయి. అమెరికాలో ప్రైవేటు మత పాఠశాలలు, ఇంటి చదువు ఈ తీర్పుల పరిధిలోకి రావు. ప్రభుత్వ బడిలో మాత్రం పక్క బెంచీ మీద కూర్చున్న పిల్లవాడికీ తల్లిదండ్రులున్నారు. వాళ్ల విశ్వాసం వేరు.

మెజారిటీ నిర్ణయం: బడి ఎక్కడ కట్టాలి, ఎన్ని రోజులు నడపాలి, ఏ భాషలో చెప్పాలి అన్నవి ప్రజలు ఓటుతో తేల్చుకోవలసినవే. భూమి వయసు ఓటుతో తేలదు. ఉల్కల్లోని సీసం ఐసోటోపుల్ని కొలిచి క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో ప్రకటించిన లెక్క సుమారు 455 కోట్ల ఏళ్లు. ఇప్పటి కొలతలూ అక్కడే నిలుస్తున్నాయి.

ఉభయ పక్షాలూ చెప్పాలన్న న్యాయం: వినడానికి ఇది ఎంతో సమంజసంగా ఉంటుంది. సైన్సులో తెరిచి ఉన్న ప్రశ్నల్ని పిల్లల ముందు తప్పక పెట్టాలి. మొదటి జీవకణం ఎలా పుట్టిందన్నది అలాంటిదే. ఓపారిన్, హాల్డేన్ 1920లలో ఊహించిన దారిని స్టాన్లీ మిల్లర్ 1953లో ప్రకటించిన ప్రయోగం కొంతవరకు బలపరిచినా ఆ కథ ఇంకా పూర్తి కాలేదు. ఇది పరిశోధకులు పరస్పరం వాదించుకుంటున్న ప్రశ్న. జీవులన్నిటికీ ఉమ్మడి వంశం ఉందా అన్నది అలాంటిది కాదు. లేని వివాదాన్ని తరగతిలో ఉన్నట్టు చూపడం పిల్లలకు అన్యాయం.

విశ్వాసానికి దెబ్బ: పరిణామం నేర్పడమంటే నాస్తికత్వం నేర్పడమేనన్న భయం చాలామందిది. పోప్ రెండో జాన్ పాల్ 1996లో పరిణామం కేవలం ఊహ స్థాయిని దాటిందని అంగీకరించాడు. విశ్వం ఒక ఆదిస్థితి నుంచి వ్యాకోచించిందన్న ఆలోచనను ప్రతిపాదించిన జార్జి లెమైత్ర్ కాథలిక్ పూజారి. సైన్సు టీచరు పిల్లవాణ్ని నమ్మమని అడగక్కర్లేదు. ఆ వివరణ ఏమిటో, దానికి ఆధారాలేమిటో అర్థం చేసుకోమని మాత్రం అడగాలి. పరీక్షలో రాసే జవాబు అవగాహనకు కొలత, భక్తికి కాదు.

ఇతర దేశాల్లో

ఇంగ్లండులో ప్రభుత్వ బడుల్లో మతవిద్య ఒక సబ్జెక్టు. సృష్టి కథల చర్చ అక్కడ జరగవచ్చు. సైన్సుగా మాత్రం సృష్టివాదం బోధించకూడదు. 2014 సెప్టెంబరు నుంచి ప్రాథమిక స్థాయిలోనే, ఆరో ఏడాది పిల్లలకు పరిణామం పాఠం ఉంది. ఐరోపా మండలి పార్లమెంటరీ సభ 2007 అక్టోబరులో సృష్టివాదాన్ని సైన్సు స్థానంలో పెట్టే ప్రయత్నాల మీద హెచ్చరిక తీర్మానం చేసింది. టర్కీ 2017లో హైస్కూల్ పాఠ్యాంశాల నుంచి పరిణామాన్ని తొలగించింది. పిల్లలకు ఆ పాఠం బరువైనదని అధికారులు కారణం చెప్పారు.

భారతదేశంలో

భారత రాజ్యాంగం 28వ అధికరణ పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధను నిషేధిస్తుంది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అంటుంది. 2009 విద్యాహక్కు చట్టం పాఠ్యప్రణాళిక రాజ్యాంగ విలువలకు అనుగుణంగా ఉండాలని నిర్దేశించింది. పునాది ఇంత గట్టిగా ఉన్నా, పాఠ్యాంశాల విషయంలో మన కోర్టులు విద్యాసంస్థల నిర్ణయానికే ఎక్కువగా వదిలేస్తాయి. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు, మతాల గురించిన బోధన మతబోధ కిందికి రాదంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) వ్యవస్థాపకుడు పుష్ప ఎం. భార్గవ, విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు పెట్టడాన్ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సవాలు చేశారు. అక్కడా, 2004లో సుప్రీంకోర్టులోనూ ఆయనకు చుక్కెదురైంది. అందువల్ల మన దేశంలో ఈ పోరు కోర్టుల్లోకంటే పాఠ్యపుస్తకాల కమిటీల్లో, ప్రజల మధ్య ఎక్కువగా జరగాలి.

2018 జనవరిలో అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్ డార్విన్ సిద్ధాంతం తప్పని, పాఠ్యాంశాల్లోంచి తీసేయాలని అన్నారు. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన 106వ భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయ అప్పటి ఉపకులపతి దశావతారాలు డార్విన్ సిద్ధాంతంకంటే మేలైన వివరణ అన్నప్పుడు శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు. దశావతారాలు మన సాహిత్యానికి, శిల్పానికి, హరికథకు ఇచ్చిన సంపద అపారం. ఆ సంపద నిలబడటానికి శిలాజాల సాక్షి సంతకం అక్కర్లేదు.

కొవిడ్ తర్వాత పాఠ్యభారం తగ్గించే పేరుతో జాతీయ పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తన పుస్తకాల్లో కోతలు పెట్టింది. పదో తరగతి సైన్సులో 'అనువంశికత, పరిణామం' అన్న అధ్యాయం 'అనువంశికత'గా మిగిలింది. 2023 ఏప్రిల్‌లో బ్రేక్‌త్రూ సైన్స్ సొసైటీ రాసిన బహిరంగ లేఖ మీద 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, సైన్సు కార్యకర్తలు సంతకాలు చేశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉందన్నది ప్రభుత్వం ఇచ్చిన జవాబు. తెలుగు ఇళ్లలో ఈ జవాబు ఎందుకు చాలదో వెంటనే అర్థమవుతుంది. పదో తరగతి తర్వాత ఎంపీసీలో చేరే పిల్లవాడు, సీఈసీ, ఎంఈసీ తీసుకునే అమ్మాయి మళ్లీ జీవశాస్త్రం పుస్తకం తెరవరు. పరిణామం ఒక్క బైపీసీ పిల్లలకే మిగిలితే, రేపటి ఇంజినీరు, లాయరు, ఎమ్మెల్యే, టీచరు దాన్ని బడిలో ఎన్నడూ వినకుండానే పెద్దవాళ్లవుతారు. యాంటీబయాటిక్ మందులకు సూక్ష్మజీవులు ఎందుకు లొంగడం లేదో, కాయతొలుచు పురుగు మీద ఒకనాడు పనిచేసిన మందు ఇప్పుడెందుకు పనిచేయదో తెలియాలంటే ప్రకృతి వరణం తెలియాలి. పత్తి పండించే జిల్లాల పిల్లలకు ఇది ఇంటి సంగతి.

ఆధారాలూ మన నేలలోనే ఉన్నాయి. ప్రాణహిత-గోదావరి లోయలోని కోటా శిలల్లో, యామనపల్లి దగ్గర దొరికిన జురాసిక్ యుగపు ఎముకలను భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త యాదగిరి 1988లో కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అన్న కొత్త జీవిగా వర్ణించారు. దాదాపు 9 మీటర్ల పొడవున్న ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. దాని కాలి ఎముక ముందు నిలబడిన పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది ఇప్పుడెందుకు లేదు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే పాఠాన్నే పుస్తకంలోంచి తీసేయడం పిల్లల ఆసక్తి మీద తలుపు వేయడమే. తెలుగులో ఈ పాఠాన్ని పుస్తకాల ద్వారా ఇళ్లకు చేర్చిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటి రచయితలు, ఊరూరా సైన్సు ప్రచారం చేస్తున్న జన విజ్ఞాన వేదిక కృషి గొప్పది. అయినా ఆ పుస్తకం, ఆ సభ అందరికీ అందవు. అందరికీ అందేది బడి ఒక్కటే.

అంచనా

నూరేళ్ల అనుభవం నుంచి తేలిన సూత్రాలు కొన్ని ఉన్నాయి. బడి ఉద్దేశాలను ప్రజలు నిర్ణయిస్తారు. సైన్సు తరగతిలో చెప్పే విషయాన్ని సాక్ష్యం నిర్ణయిస్తుంది. సృష్టి కథలకు సాహిత్యంలో, చరిత్రలో, మతాల అధ్యయనంలో గౌరవమైన చోటుంది. టీచరుకు మంచి శిక్షణ, ఒత్తిడి వచ్చినప్పుడు అండ లేకపోతే ఎంత మంచి తీర్పయినా, ఎంత మంచి పుస్తకమయినా తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పాఠ్యభారం తగ్గించవలసి వస్తే విడి వివరాలను తగ్గించాలి. మిగతా వివరాలన్నిటినీ కలిపి కట్టే మూలసూత్రాన్ని తీసేయకూడదు.

ప్రైవేటు ఫీజులు కట్టగలిగినవారి పిల్లలకు బడిలో తీసేసిన పాఠం మరో దారిలో దొరుకుతుంది. ఇంట్లో పుస్తకాలుంటాయి, ఇంటర్నెట్ ఉంటుంది, చెప్పేవాళ్లుంటారు. ప్రభుత్వ బడినే నమ్ముకున్న పిల్లలకు ఆ పాఠ్యపుస్తకం తప్ప మరో దిక్కు లేదు. అందులో ఒక అధ్యాయం పోతే వాళ్ల జీవితంలోంచే పోయినట్టు. ధనికుల పిల్లలకూ పేదల పిల్లలకూ ఒకే జ్ఞానం అందాలని పుట్టిన బడి ఈ తేడాను పెంచే పని చేయకూడదు. మానవజాతి శ్రమపడి తెలుసుకున్నదంతా, తెలుసుకున్న పద్ధతితో సహా, ప్రతి పిల్లవాడికీ వారసత్వంగా రావాలి. ప్రభుత్వ విద్య ఉన్నది అందుకే.